అమ్మతో హంసలదీవికి

దివిసీమ అనగానే మీకేం గుర్తొస్తుంది? మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామా? హంసలదీవిలో కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటా? మా ఇంట్లో మాత్రం ఆ పేరెత్తితే చాలు, అమ్మ కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయేది.

1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెన గురించి పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. సముద్రం ఊళ్ల మీద పడి సుమారు 10,000 మంది పోయారని లెక్క. అంతకంటే ఎక్కువేనంటారు అక్కడివాళ్లు. అమ్మకప్పుడు 17 ఏళ్లు. కోడూరు అవతల వాళ్ల ఊరు. తాడిచెట్టును కావలించుకుని తను బతికింది. కుడిచేత్తో పట్టుకున్న తమ్ముడు జారిపోయాడు.

పెళ్లయి విజయవాడ వచ్చాక అమ్మ మళ్లీ అటు వెళ్లలేదు. కార్తీకమాసంలో గాలి లేచిందంటే రాత్రంతా గడప దగ్గరే కూర్చునేది. తెల్లారి చూస్తే అరచేతిలో గోళ్ల గుర్తులు! వాతమనుకుని మేం ఎన్ని తైలాలు రాశామో చెప్పలేను. ఒకచోట సలహాకి తీసుకెళ్తే, "జరిగిందంతా చెప్పేయండి, బరువు దిగిపోతుంది" అన్నారు. పాపం, చెప్పింది. ఆ తర్వాత వారం రోజులు అన్నం ముట్టలేదు.

రెండేళ్ల కిందట మా తోటికోడలు చెబితే విజయవాడలోనే ఒక కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఉప్పెన ఊసే ఎత్తలేదు. "అమ్మా, ఏ కుర్చీలో కూర్చుంటారు? తలుపు తీసి ఉంచనా?" అని అడిగారు. అమ్మ తలుపు పక్క కుర్చీ ఎంచుకుంది. మొదటి రోజు జరిగిందల్లా పాదాలు నేలకు ఆనించి కూర్చోవడం, గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు చెప్పడం. ఇదేం వైద్యమండీ, ఇంత ఆటో ఖర్చు పెట్టుకుని వచ్చింది ఇందుకా అనుకున్నాను, నిజం చెప్పొద్దూ!

మేడమ్ నాకు విడిగా వివరించారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మన ఒళ్లు పారిపోవడానికో, ఎదిరించడానికో సిద్ధమవుతుందట. రెండూ కుదరకపోతే కొయ్యబారిపోతుందట. స్టవ్ కట్టేసినా కుక్కర్లో ఆవిరి మిగిలినట్టు, గండం గడిచినా కొందరి ఒంట్లో ఆ బిగువు ఉండిపోతుంది. కుక్కర్ మూత బలవంతంగా తీస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? అందుకే కొంచెం కొంచెంగా, వేడిపాలు ఊదుకుంటూ తాగినట్టు సాగాలి. ఊపిరి పీల్చినదానికంటే నిదానంగా వదలడం, గోడకి అరచేతులు ఆనించి బలంగా నెట్టడం, పిడికిలిని ఒక్కో వేలే విప్పడం, ఇవే అమ్మ చేసినవి. అన్నిటికంటే ముఖ్యం, అమ్మ "చాలు" అన్నప్పుడు ఆపేయడం. బీపీ మాత్రలు మాత్రం మానొద్దని గట్టిగా చెప్పారు. (ఇలాంటి ఇబ్బంది మీ ఇంట్లోనూ ఉండి ఎవరినడగాలో తోచకపోతే, 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.)

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు అమ్మే అడిగింది, "అమ్మాయ్, హంసలదీవి చూసొద్దామా?" అని. నాకు గుండె దడ! మేడమ్ని అడిగితే, "వెళ్లండి, ఎక్కడ ఆగుదామంటే అక్కడ ఆపండి" అన్నారు.

పులిహోర, పెరుగన్నం కట్టుకుని కారులో బయల్దేరాం. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. స్వామి దర్శనం చేసుకుని పులిగడ్డ దాటాం. కోసిన వరిచేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. అవనిగడ్డ ప్రాంతంలో ఉప్పెన మృతులకు కట్టిన స్మారకస్తూపం ఉంది. అక్కడ అమ్మ దిగనంది. ఆగకుండా పోయాం. కోడూరు దాటాక కారు రెండుసార్లు ఆపించి, దిగి నిలబడి చుట్టూ చూసింది. "అదిగో తుమ్మచెట్టు, అదిగో గేదె, అదిగో సెల్ టవర్" అని పేర్లు చెప్పుకుంది. సెల్ టవర్ అనగానే డ్రైవరబ్బాయి నవ్వాడు, అమ్మా నవ్వింది.

హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి పాతది, చల్లగా ఉంది. ఆనాడు గుడిలో తలదాచుకున్నవాళ్లు బతికారని చెప్పుకుంటారు. అమ్మ ఒక రాతిస్తంభానికి వీపు ఆనించి చాలాసేపు కూర్చుంది. మాఘపౌర్ణమికి జనం విరగబడతారు కానీ ఆ రోజు మేమూ, పూజారిగారూ, రెండు కోతులూ అంతే.

తర్వాత పాలకాయతిప్ప తీరం. అలలకి దూరంగానే చెప్పులు విడిచి ఇసుకలో నిలబడింది. పిడికిలి బిగిసింది. నేను పట్టుకోబోయి ఆగాను. చిటికెనవేలు, ఉంగరంవేలు... తనే విప్పుకుంది. అప్పుడు సముద్రం వైపు తిరిగి ఒక పేరు పిలిచింది. నాకు 45 ఏళ్లు వచ్చాయి, మా మావయ్య పేరు వినడం అదే మొదలు. ఆ పేరు ఇక్కడ రాయను, అది అమ్మది.

"ఇక చాలు, పోదాం పద" అంది కాసేపటికి. కారు నీడలో చాపేసుకుని కూర్చున్నాం. పులిహోరలో ఉప్పు తక్కువైందని నన్ను కేకలేసింది.