మస్టరు దశ తిరగాలంటే...

2006 ఫిబ్రవరి 2. అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ పల్లెలోనే ప్రారంభించారు. వాన ముఖం చాటేస్తే వేరుశనగ చేలు ఎండిపోయి, జనం బెంగళూరు బస్సెక్కే సీమ మరి! ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూలి లెక్కలన్నీ టీసీఎస్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాయి.

గుంత తవ్విన మనిషికి డబ్బు అందాలంటే మస్టరు కొన్ని మెట్లు దాటాలి. హాజరు పడాలి. కొలతలు తీయాలి. అధికారి ఆమోదించాలి. ఆ తర్వాతే చెల్లింపు. ప్రోగ్రామర్ల భాషలో ఒక్కో మెట్టూ ఒక 'స్టేట్'. తెలుగులో దశ.

ఇదెంత పని, నాలుగు గళ్లు పెట్టేస్తే సరి అనిపిస్తుంది. తంటా అంతా అక్కడే! కొలిచారా, ఆమోదించారా, చెల్లించారా... ఈ మూడింటికీ అవును, కాదు అని విడివిడిగా రాసుకుంటే మొత్తం ఎనిమిది రకాలు వస్తాయి. వాటిలో సక్రమమైనవి నాలుగే. కొలవకుండానే ఆమోదం, ఆమోదం లేకుండానే చెల్లింపు... మిగతావన్నీ ఇలాంటి దొంగదారులే. పైగా వెబ్ పుట్టుకతోనే మతిమరుపుది. బ్రౌజర్ ఒకసారి అడిగింది సర్వర్ మరోసారికి గుర్తుంచుకోదు. ఏ మస్టరు ఏ దశలో ఉందో ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోక తప్పదు.

అందుకే స్టేట్ మెషీన్ లైబ్రరీలు వచ్చాయి. రూబీలో ఏఏఎస్ఎం, జావాస్క్రిప్ట్‌లో ఎక్స్‌స్టేట్ అలాంటివే. ఉపాధి సాఫ్ట్‌వేర్‌లో ఇవి ఉన్నా లేకున్నా, మస్టరు నడక మాత్రం వీటికి అచ్చంగా అతికే ఉదాహరణ. ఆబ్జెక్ట్ పద్ధతిలో ప్రతి మస్టరూ ఒక వస్తువు. తను ఏ దశలో ఉందో, అక్కడి నుంచి ఎటు కదలొచ్చో దానికే తెలుసు. కొలతలు పడకముందే ఎవరైనా 'చెల్లించు' అని నొక్కితే 'కుదరదు' అంటుంది. ఎంత పెద్ద అధికారి నొక్కినా అంతే! (ఈ మొండితనం మనుషుల్లో దొరకడం కష్టం.)

అయితే గీయని బాణం వెంట యంత్రం కదలదు. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పితే బ్యాంకు డబ్బు వెనక్కి పంపుతుంది. మస్టరు 'తిరస్కరణ' దశకు చేరుతుంది. అక్కడి నుంచి బయటకు దారి గీయడం ప్రోగ్రామర్ మరిస్తే? తెర మీద అంతా సక్రమంగానే కనిపిస్తుంది. పని చేసినామె మాత్రం ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

కాలాన్ని కూడా బాణంగా గీయొచ్చు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డేవిడ్ హారెల్ 1987లో ప్రచురించిన స్టేట్‌చార్టుల్లోనే గడువు దాటితే దశ మారే ఏర్పాటు ఉంది. ఉపాధి హామీ చట్టం 15 రోజుల్లో కూలి ఇవ్వాలంది. ఆలస్యమైతే పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారమన్న నిబంధన తర్వాత వచ్చింది. ఆ పదహారో రోజు బాణానికి ఎవరి క్లిక్కూ అక్కర్లేదు. గడియారం చాలు. అసలు గుంత తవ్వారా లేదా అన్నది మాత్రం ఏ లైబ్రరీకీ తెలియదు. దానికి సామాజిక తనిఖీలో మస్టరు పేర్లు ఊరందరి ముందూ చదవాల్సిందే.