సూరత్ భోజనం, మా పథ్యం

“సూరత్ నుం జమణ్, కాశీ నుం మరణ్” అని గుజరాతీలో ఒక సామెత ఉన్నది. భోజనమంటే సూరత్‌లో చేయాలి, మరణమంటే కాశీలో పొందాలి అని దాని భావం. ఉద్యోగ ధర్మం కొద్దీ ఏడాదికి ఐదారు పర్యాయాలు హజీరాకు వెళ్లి వచ్చే మా ఇద్దరు సహోద్యోగులకు ఈ సామెతలోని మొదటి సగం పెద్ద పరీక్ష అయింది. భోజనప్రియుల తీర్థక్షేత్రంగా పేరుపొందిన ఆ నగరానికి మేము కీటో పథ్యంతో వెళ్లవలసి రావడమే అందుకు కారణం.

పథ్యం పూర్వాపరాలు

అన్నం, రొట్టె, చక్కెర, పప్పుధాన్యాలు దాదాపుగా మాని, కొవ్వు పదార్థాలను ప్రధానాహారంగా స్వీకరించడం ఈ పద్ధతి. సాధారణంగా రోజుకు 20 నుండి 50 గ్రాములకు మించి పిండిపదార్థం లోనికి పోరాదు. వండిన అన్నం 100 గ్రాములలోనే సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుందంటే నియమం ఎంత కఠినమో పాఠకులు ఊహించగలరు. పిండిపదార్థం అందనప్పుడు కాలేయం కొవ్వు నుండి కీటోన్లను తయారుచేస్తుంది. శరీరం వాటిని ఇంధనంగా వాడుకొంటుంది.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛరోగుల కోసం దీనిని ప్రతిపాదించారు. మన తెలుగునాట 2017, 2018 ప్రాంతాలలో శ్రీ వీరమాచనేని రామకృష్ణ ప్రసంగాల వలన ఇటువంటి ఆహారపద్ధతి ఇంటింటా చర్చకు వచ్చింది. వైద్యులలో అనుకూలురూ ఉన్నారు, ప్రతికూలురూ ఉన్నారు. మాలో ఒకరికి స్థూలకాయం, మరొకరికి మధుమేహం. ఇద్దరమూ ఒకే రోజున ప్రారంభించాము. ఇంటివద్ద నెలరోజులు నిష్ఠగా సాగింది. అటుపిమ్మట సూరత్ ప్రయాణం వచ్చింది.

తొలి ప్రయాణం, తొలి ఓటమి

విజయవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వరంగల్లు, బల్లార్షా, భుసావళ్, నందూర్‌బార్ మీదుగా సూరత్ చేరడానికి ఇంచుమించు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. ఉడికించిన గుడ్లు, బాదంపప్పు, కీరదోసకాయలు వెంట తీసుకొన్నాము. గుడ్లు మొదటి పూటకే తినివేయాలని, మరునాటికి ఉంచరాదని ఇంటివారు హెచ్చరించి పంపారు. రైలులో నియమభంగం జరుగలేదు. అసలు పరీక్ష దిగిన తరువాత ఆరంభమైంది.

అది ఆశ్వయుజ మాసం. శరత్పూర్ణిమ మరునాడు సూరత్ వాసులకు ‘చందీ పడ్‌వో’ పండుగ. ఆ రాత్రి జనం కుటుంబసమేతంగా ఆరుబయట వెన్నెలలో కూర్చొని ‘ఘారీ’ అనే మిఠాయిని, దానికి తోడు కారపు చిరుతిండిని ఆరగిస్తారు. ఘారీ అంటే కోవా, చక్కెర, పిస్తా వంటివి పూర్ణంగా పెట్టి, పలుచని పిండిపొరతో కప్పి వేయించి, పైన నెయ్యి దట్టంగా పట్టించిన బిళ్ల. మాకు ఆతిథ్యమిచ్చినవారు పళ్లెం నిండా తెచ్చి ముందుంచారు. పథ్యంలో ఉన్నామని చెప్పడానికి బిడియపడి, “ఆకలి లేదు” అన్నాము. వారు నొచ్చుకొని మరింత బలవంతం చేశారు. మాలో ఒకరు, “నెయ్యి మన పథ్యానికి అనుకూలమే గదా” అని ఒక సూక్ష్మం కనిపెట్టారు. ఆ సూక్ష్మం ఆధారంగా ఇద్దరమూ చెరి మూడేసి ఘారీలు ముగించాము.

మలి ప్రయాణం, ఒక హెచ్చరిక

తరువాతి ప్రయాణం చలికాలంలో వచ్చింది. సూరత్‌కు అది పోంక్ ఋతువు. లేత జొన్నకంకులను కాల్చి, రాల్చిన పచ్చని గింజలే పోంక్. మన పల్లెలలో ఊచబియ్యం ఎరిగినవారికి వేరే వర్ణన అక్కరలేదు. నిమ్మ, మిరియాల రుచిగల సేవ్‌తో కలిపి అక్కడివారు తింటారు. సూర్తి పాపడీ చిక్కుళ్లు, కందమూలాలు, పచ్చి వెల్లుల్లి ఆకు, మెంతికూర ముఠియాలు కలిపి వండే ఊంధియుకు కూడా అదే కాలం. ఈసారి పంతం పట్టి దేనినీ ముట్టలేదు. అయితే ఎందుకు ముట్టడం లేదో ఎవరికీ చెప్పలేదు. అతిథిగృహంలో కూరముక్కలు ఏరుకొని తిని లేచేవారము.

మూడవనాటి మధ్యాహ్నం, పని స్థలంలో, మాలో మధుమేహం ఉన్నవారికి ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణకసాగాయి. మాట తడబడింది. ప్రక్కనున్న ఒక ఆపరేటరు పరిస్థితిని గ్రహించి, టీ కోసం ఉంచుకొన్న చక్కెరను నీటిలో కలిపి త్రాగించాడు. పది, పదిహేను నిమిషాలకు తేరుకొన్నారు. రక్తంలో చక్కెర పడిపోయిందని పిదప పరీక్షలో తెలిసింది. అన్నం మానివేసిన మనిషి, అన్నం తినే రోజులనాటి మాత్రనే అదే మోతాదులో వేసుకొంటున్నారు. పథ్యం సంగతి వైద్యునికి చెప్పనే లేదు!

ఇంటికి వచ్చిన పిమ్మట వైద్యుడు మందలించి మోతాదు సవరించారు. ఆయన చెప్పిన మాటలు మన సంస్థలోని ఉద్యోగులందరూ గుర్తుంచుకోదగినవి. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు వైద్యుని సలహా లేకుండా పిండిపదార్థాలను మానరాదు. గ్లిఫ్లోజిన్ తరగతి మాత్రలు వాడేవారికి, రక్తంలో చక్కెర అంతగా పెరుగకుండానే, కీటోయాసిడోసిస్ అనే ప్రాణాపాయస్థితి రావచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు తమంత తాముగా ఈ పథ్యం జోలికి పోరాదు.

నగరం నేర్పిన పాఠం

మూడవ ప్రయాణంలో ఒక రాత్రి నగరంలోని చిన్న హోటలుకు వెళ్లాము. సేవకుడు వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, “జైనా, రెగ్యులరా?” ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప వంటివి లేకుండా వండాలా అని దాని అర్థం. ప్రక్క బల్లవద్ద ఒకాయన కుటుంబమంతా భుజిస్తుండగా తాను ఖాళీ పళ్లెం ముందు నిశ్చింతగా కబుర్లు చెబుతున్నారు. సూర్యాస్తమయం తరువాత అన్నపానీయాలు ముట్టని చౌవిహార్ నియమం ఆయనది. ఎవరూ ఆయనను బలవంతం చేయలేదు. ఆయనా సంజాయిషీ చెప్పుకోలేదు.

అప్పుడు మాకు కళ్లు తెరిపిడి పడినట్లయింది. తిండికి ప్రసిద్ధి చెందిన ఈ ఊరు తినకపోవడాన్ని కూడా అంతే గౌరవిస్తుంది. మన ప్రాంతంలో అయ్యప్ప దీక్షలో ఉన్నవారిని ఎవరైనా బలవంతపెడతారా? మాల చూడగానే ఇంటివారే వారికి తగినది వండిపెడతారు. మేము మాత్రం మా నియమాన్ని నేరం వలె దాచుకొన్నాము.

ఆ రాత్రే మొదటిసారిగా నోరు విప్పి, “అన్నం, రొట్టె, పప్పు, చక్కెర, బెల్లం వద్దు, నెయ్యి, వెన్న, పనీర్, ఆకుకూరలు ఎంతైనా పరవాలేదు” అని చెప్పాము. సేవకుడు ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, ఏ కూరలో బెల్లం వేస్తారో, ఏది వేయకుండా చేయించగలడో వివరించాడు. గుజరాతీ పప్పులోను, అనేక కూరలలోను బెల్లమో చక్కెరో పడుతుందని అందరికీ తెలియదు. అడిగితేనే తెలుస్తుంది.

అక్కడినుండి సూరత్ మాకు అనుకూలమైన ఊరుగా మారింది. పాలవిరుగుడు నీటిలో ఊరుతూ ఉండే మెత్తని సూర్తి పనీర్ ఇక్కడి ప్రత్యేకత. చక్కెర లేని మసాలా మజ్జిగ ఎక్కడైనా దొరుకుతుంది. ఇక సాయంకాలం కోడిగుడ్ల బండ్లవద్ద లభించే ‘ఘోటాలో’ సంగతి చెప్పాలి. ఉడికిన గుడ్లను తురిమి, ఉల్లి, టమాటా, పచ్చి వెల్లుల్లి మసాలాతో వెన్నలో కలియబెట్టి, సగం వేగిన గుడ్డును దానికి జతచేస్తారు. రొట్టె వద్దంటే చాలు, పథ్యానికి చక్కగా సరిపడుతుంది. 1994లో ప్లేగు భయంతో లక్షలాదిమంది విడిచిపోయిన ఊరిది. 1995లో కమిషనరుగా వచ్చిన శ్రీ ఎస్.ఆర్.రావు వీధులతోపాటు తినుబండారాల దుకాణాల శుభ్రతనూ పట్టించుకొన్న వృత్తాంతం ఆ బండ్లవద్ద నిలబడినపుడు జ్ఞాపకం వచ్చింది.

లింబాయత్‌లో ఒక మధ్యాహ్నం

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాలలో మన తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్నారు. వీరిలో అధికులు కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుండి మరమగ్గాల పనికి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలవారు. నగరపాలకసంస్థ తెలుగు మాధ్యమంలోను పాఠశాలలు నడుపుతున్నది. బతుకమ్మ పండుగనాడు ఆ వీధులు చూస్తే తెలంగాణలో ఉన్నట్లే ఉంటుంది.

మా పరిచయస్థుడైన ఒక నేతకార్మికుడు ఆదివారం భోజనానికి పిలిచాడు. ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆయన తల్లి విస్తరి నిండా అన్నం వడ్డించి ఉంచారు. ఈసారి దాచలేదు. సంగతి చెప్పాము.

“ఒక్కపొద్దా బిడ్డా? ముందుగల్ల చెప్పద్దా మరి!” అన్నారామె. అంతే, అన్నం తీసివేసి గిన్నెలనిండా కోడికూర పోసి, అప్పటికప్పుడు నాలుగు గుడ్లు వేయించి పెట్టారు. మేము తింటుండగా ప్రక్కన కూర్చొని మెల్లగా, “మా ఇంటాయనకు గూడ షుగరుండె. ఎవ్వలకు చెప్పకపోయె. ఏ ఇంట్ల పెడితే ఆ ఇంట్ల తినె. కాలు పాయె, ఆఖరుకు మనిషే పాయె” అన్నారు. కొంతసేపు మేమెవ్వరమూ మాట్లాడలేకపోయాము.

బయలుదేరుతుంటే ఆమె ఒక పొట్లం చేతిలో పెట్టారు. నోరూరించే సకినాలు. “ఇవి మీకు గావు. మీ ఇంట్ల పోరగాండ్లకు” అని వేలు చూపి మరీ చెప్పారు.

పథ్యం చేయదలచిన మిత్రులకు మా విన్నపం ఒక్కటే. ముందు వైద్యునికి చెప్పండి, తరువాత ఇంటివారికి, ఆపైన అన్నం పెట్టే ప్రతివారికీ చెప్పండి. దాచిన నియమం ఒంటరిదై త్వరగా ఓడిపోతుంది. చెప్పుకొన్న నియమానికి వండేవారూ వడ్డించేవారూ తోడు నిలుస్తారు.

తిరుగు ప్రయాణంలో ఆ సకినాల పొట్లం పై బెర్తు మీద మా సంచుల నడుమ ఉన్నది. ఒక పగలూ ఒక రాత్రీ దాని ముడి విప్పలేదు. విజయవాడలో దిగి చెరిసగం పంచుకొని పిల్లలకు ఇచ్చాము.