నైట్‌హాల్ట్ బస్సు

రాత్రి ఊరికి వచ్చే ఆఖరి బస్సు అక్కడే ఆగిపోయేది; తెల్లవారుజామున బయల్దేరే మొదటి బస్సూ అదే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకు 8 గంటల పని అంది. విరామాలు కలిపినా 12 గంటలు దాటకూడదంది. మరి డ్రైవరు బస్సు టాపు మీద, కండక్టరు క్యాష్ బ్యాగు తలకింద పెట్టుకుని రామాలయం అరుగు మీద దోమల మధ్య పడుకున్న గంటలు ఏ పద్దులోవి? స్టీరింగు పట్టలేదు గనుక పని కాదు. ఇంట్లో లేరు గనుక విశ్రాంతీ కాదు. పాలక్యాన్లు, కాలేజీ పిల్లలు, కోర్టు వాయిదాలవాళ్లు వేళకు పట్నం చేరింది ఆ రాత్రుల పుణ్యమే. నైటౌట్ భత్యం ఇచ్చేవారు, నిజమే. అది బయట గడిపిన రాత్రి ఖర్చుకు లెక్క. పిల్లలు నిద్రపోయే వేళకు తండ్రి ఇంట్లో లేకపోవడానికి ఏ సంస్థయినా రేటు ఎలా కడుతుంది?