వాయిదా పడిన ఆట

మా నాన్నగారికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. విశాఖపట్నంలోని మా ఇంట రెండు పేర్లు నిత్యం వినిపించేవి. దాదాపు అందరూ వట్టి కాళ్లతో ఆడి, 1911లో ఆంగ్ల సైనిక జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిన మోహన్ బగాన్ ఒకటి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టును స్వర్ణపతకం దాకా నడిపించిన హైదరాబాదు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మరొకటి.

మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల పోటీని కోల్‌కతా వెళ్లి కళ్లారా చూడాలన్నది నాన్నగారి చిరకాల వాంఛ. అక్క పెళ్లి, నా చదువు, ఇంటి అప్పు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ కోరికను వెనక్కి నెట్టాయి.

నాకు ఉద్యోగం వచ్చాక, ఒక రాత్రి కాగితం, కలం పట్టుకొని ఆయన ముందు కూర్చున్నాను. శుక్రవారం రాత్రి రైలెక్కితే శనివారం కోల్‌కతా చేరుతాం. సాయంత్రం సాల్ట్ లేక్ మైదానంలో ఆట. ఆదివారం తిరుగు ప్రయాణం. లెక్క సరిపోయింది. నాన్నగారు మాత్రం మౌనంగా మోకాళ్లు నిమురుకొన్నారు.

“అన్ని మెట్లు ఎక్కలేనురా. నువ్వు చూసివచ్చి చెప్పు, చాలు.”

నా మనస్సు చివుక్కుమంది. కోరిక వాయిదా పడింది; వయస్సు వాయిదా పడలేదు.

“చిన్నప్పుడు నన్ను భుజాలమీద ఎక్కించుకొని ఆటలు చూపించారు. మీ చేయి పట్టుకొని నేను మెట్లు ఎక్కించలేనా?” అన్నాను.

ఆయన చిన్నగా నవ్వి, కాగితం అందుకొని, సామాను జాబితా చివర వణికే అక్షరాలతో రాశారు: ‘మోకాలి పట్టీలు - రెండు’.

ఆ రాత్రే రైలు టిక్కెట్లు తీశాను.