చేనూ మగ్గమూ

అనంతపురం జిల్లా యాడికిలో వాన పడిన రోజు ఒక వీధి సంబరపడుతుంది, ఇంకో వీధి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. చేనున్న వాళ్లకు అది పంట. మగ్గమున్న వాళ్లకు అది కూలి లేని దినం. గాలిలో చెమ్మ చేరితే పడుగు బిగువు తప్పుతుంది, రంగు వేసిన పట్టు ఆరదు. గట్టి వానైతే మగ్గం గుంతలోనే నీళ్లు ఊరతాయి, కాళ్లు పెట్టడానికి ఉండదు. నేసిన చీరకే కూలి కాబట్టి ముసురు పట్టినన్నాళ్లూ ఇంట్లోకి రూపాయి రాదు.

మా చిన్నాయనకు రెండూ ఉండేవి. ఊరిబయట మూడెకరాల మెట్టచేను, ఇంటి నడవలో గుంత మగ్గం. మబ్బు పట్టిందంటే చిన్నమ్మ పడుగు మీద గుడ్డ కప్పేది, ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడేవాడు. “పడనీలేరా, మగ్గం యాడికీ పోదు” అనేవాడు. పూట గడిచేది మాత్రం మగ్గం మీదే. అయినా వానే కావాలనుకున్నాడు. ఆయన గురించి నాకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఇదే.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డం, ఈశాన్య రుతుపవనాలు ఇంత దూరం వచ్చేసరికి బలం తగ్గి ఉంటాయి. ఆ కొంచెం వానైనా వేళకు పడదు. విత్తనం పడేదాకా ఊరించి, వేరుశెనగకు ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుంది. అందుకే ఈ సీమలో ఇల్లు ఒక్క పని మీద నిలవదు.

చిన్నాయన 1952 ప్రాంతంలో పుట్టాడు. రాయలసీమలో గంజి కేంద్రాలు నడిచిన కరువు కాలం అది. మా అవ్వకు తేదీ తెలియదు, “గంజి తాగిన ఏడు పుట్టినోడు” అనేది. బడిలో అయ్యవారు రాసిన తేదీయే కాగితాల్లో ఆయన పుట్టినరోజైంది. చిన్నప్పుడే కండెలు చుట్టడం, తెగిన పోగు అతకడం వచ్చేశాయి. 1983లో ప్రభుత్వం పేదలకు సగం ధరకు చీరలూ ధోవతులూ ఇచ్చే పథకం పెట్టినప్పుడు నూలు మగ్గాలకు నాలుగు రోజులు పని దొరికింది. తర్వాత పట్టుకు మారాడు. పట్టు, సరిగె షావుకారువి, చెయ్యి తనది. 1985లో కొన్ని రకాల బట్టలు చేతిమగ్గాలే నెయ్యాలని చట్టం వచ్చింది. మరమగ్గాలు ఆ గీత దాటుతూనే ఉన్నాయి, చేతిమగ్గం కూలి అక్కడక్కడే ఉండిపోయింది. చిన్నాయన అయినా నేశాడు.

“చీర నేను నేసినా అంటారు గానీ, సగం నీ చిన్నమ్మది” అనేవాడు, నలుగురిలో కూడా. ఆసు పోసేది, రాట్నం ముందు కూర్చుని కండెలు అందించేది ఆమే. ఆమె జ్వరంతో పడుకుంటే మగ్గం ఆగిపోయేది. కూలి లెక్కలో ఆమెకు పేరు లేదు. అది తప్పని ఒప్పుకున్న మగవాళ్లను ఆ వీధిలో ఆయన తప్ప ఇంకొకరిని నేను చూడలేదు.

2000 ఖరీఫ్ సంగతి చెప్పాలి. ఆ ఏడు బుడ్డల (వేరుశెనగ) చేను మొదట్లో బాగా లేచింది. తర్వాత మొవ్వులు మాడాయి, కాండం నల్లబడి వాలిపోయింది. అప్పు తెచ్చి వేసిన విత్తనం. జిల్లాలో లక్షల ఎకరాలు అలాగే పోయాయి. అది వైరస్ తెగులని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ వైరస్ వయ్యారిభామ అనే కలుపుమొక్క పుప్పొడిలో దాగి ఉంటుంది, తామర పురుగులతో చేనుకు చేరుతుంది. వయ్యారిభామకు మాత్రం ఏమీ కాదు, గట్టు మీద తెల్లగా పూస్తూనే ఉంటుంది. ఆ ఏడు కలుపు తీసిన ఆడవాళ్లకు కూలి బాకీ ఉండింది. పంట లేదు కదా అని వాళ్లెవరూ అడగలేదు. చిన్నాయన రాత్రిళ్లు బల్బు కింద నేసి, ఒక్కొక్కరి ఇంటికీ తానే పోయి ఇచ్చి వచ్చాడు. విత్తనం అప్పు కూడా చీరలే తీర్చాయి. కళ్లు అప్పుడే దెబ్బతిన్నాయని చిన్నమ్మ నేటికీ అంటుంది.

ఆనాటి నుంచి వయ్యారిభామ కనబడితే చాలు, వేళ్లతో పెరికేవాడు. తన గట్టు, పక్కవాళ్ల గట్టు, బస్టాండు వెనక ఖాళీ జాగా అని చూడలేదు. పూతకు రాకముందే పెరకాలని దారిన పోయే పిల్లల్ని ఆపి చెప్పేవాడు. చేతులు దురదపెడితే కొబ్బరినూనె రాసుకునేవాడు.

పిల్లలు మగ్గం ఎక్కలేదు. పెద్దోడు బెంగుళూరు పోయాడు, చిన్నోడు బోయరెడ్డిపల్లె సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి చేరాడు. కూతుర్ని తాడిపత్రిలో ఇచ్చారు. పోవద్దని ఎవరినీ ఆయన ఆపలేదు. కార్తీక మాసంలో అందరూ వస్తే కోన ఉప్పలపాడుకు తీసుకుపోయేవాడు. కోన రామలింగేశ్వరుడి దగ్గర నీళ్లలో మనవళ్లు ఆడుతుంటే, గట్టున కూర్చుని ఊరిబిండి పెట్టిన జొన్నరొట్టెలు పంచేవాడు. అంతకు మించిన యాత్ర ఆయన చేయలేదు, చేయాలని అనుకోనూ లేదు.

పోయిన చలికాలంలో జ్వరం వచ్చింది, అది ఊపిరితిత్తులకు దిగింది, మనిషి దక్కలేదు. రాత్రంతా భజన చేశారు. మట్టికి వచ్చిన వాళ్లలో ఆ కలుపు తీసిన ఆడవాళ్లున్నారు, ఇప్పుడు ముసలివాళ్లు. కూలి సంగతి వాళ్లు చెబితేనే నాకు తెలిసింది. ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఒక మనిషి మంచితనం ఇరవై ఏళ్లకు పైగా పక్కింటి వాళ్ల దగ్గర భద్రంగా ఉండటం చూసి నాకు ఏడుపు ఆగలేదు.

మరణాన్ని 21 దినాల లోపల నమోదు చేయించాలి. ఆ ఫారంలో వృత్తి అనే గడి ఉంది. రైతు అని రాద్దామన్నాడు చిన్నోడు. నేతపని అని రాయాల్సిందే అంది కూతురు. రెండూ రాయించారు, గడి చిన్నదైనా.

పెద్ద దినం నాడు చేను మాట వచ్చింది. కూతురికీ సమభాగమని ఆయన ముందే చెప్పి ఉంచాడు, కొడుకులు కాదనలేదు. ఈ ఏటికి పప్పుశెనగకు కోరుకిచ్చారు. మగ్గం విప్పి అటకెక్కిద్దామన్నాడు పెద్దోడు.

“ఎవురు చెప్పినారు విప్పమని? నాకు చేతులు లేవా?” అంది చిన్నమ్మ.

అంతదాకా ఆమె మగ్గం మీద కూర్చోగా ఎవరూ చూడలేదు. మధ్యాహ్నాలు ఆయన చేనికి పోయినప్పుడు నేసేదట, ఆయనే నేర్పించాడట. ఇప్పుడు నేస్తోంది. ఆయనంత వేగం లేదు, అంచు మాత్రం తిన్నగా వస్తోంది. మొదటి చీర పట్టుకుపోవడానికి షావుకారు వస్తే, కూలి పెంచితే గానీ కొత్త వార్పు ముట్టనని, ఈసారి పద్దులో తన పేరే రాయాలని పట్టుబట్టింది. పేరు రాశాడు. కూలి మీద బేరం ఇంకా నడుస్తోంది.