పేరు చెప్పని దిగులు

గిటారు చేతబట్టి తమ బెదురునూ దిగులునూ పాటలుగా కట్టి పాడుకొనే యువకులను ఇప్పుడు తరచుగా వింటున్నాము. ఇది క్రొత్త పోకడ అనేవారున్నారు. కానీ శంక, చింత, దైన్యం, విషాదం మన ఆలంకారికులు చెప్పిన 33 వ్యభిచారి భావాలలోనివే. భావం పాతదే, దానిని చెప్పే తీరులోనే భేదమున్నది.

భావాన్ని దాని పేరుతోనే చెప్పడం మమ్మటుడు చెప్పిన రసదోషాలలో ఒకటి. దానిని స్వశబ్దవాచ్యత్వం అంటారు. ‘నాకు దుఃఖంగా ఉన్నది’ అంటే వినేవాడికి సమాచారం అందుతుంది, దుఃఖం అందదు.

నాగర్‌కర్నూలు ప్రాంతపు గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న తన పాటను తానే కట్టి తానే పాడే కవి. 2002లో వచ్చిన ‘కుబుసం’ చిత్రంతో ఆయన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ తెలుగునేలంతా మారుమ్రోగింది. అందులో కవి తన గోడు చెప్పుకోడు. కుమ్మరి వామిని, కమ్మరి కొలిమిని, సాలె మగ్గాన్ని ఒక్కొక్కటిగా చూపుతాడు. పని లేక పడి ఉన్న ఆ వస్తువులను చూచి మనకే గుండె బరువెక్కుతుంది. 2021లో ‘వల్లంకి తాళం’ కావ్యానికి సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చినప్పుడు పాలమూరు పాటకే పట్టం కట్టినట్లు సంతోషించాను.

‘విద్వద్గద్వాల’గా పేరొందిన గద్వాల, దాని పొరుగు వనపర్తి సంస్థానాలు పండితులను పోషించిన సీమ ఇది. గుంపు మేస్త్రీల వెంట జనం మట్టిపనికి బొంబాయి, పుణె వెళ్ళిన సీమ కూడా ఇదే. దసరా సెలవుల తరువాత నా తరగతిలో సగం బల్లలు ఖాళీగా ఉండేవి. వలస నుండి తిరిగి వచ్చిన ఒక పిల్లవాడిని ‘మా ఇల్లు’ అని వ్యాసం వ్రాయమన్నాను. తలుపుకు తుప్పు పట్టిన తాళం, ఎండిన తులసి, గుమ్మం ముందు మొలిచిన గడ్డి – మూడే వాక్యాలు వ్రాశాడు. బాధ అన్న మాట లేదు. దిద్దవలసిన ఎర్రసిరా కలం క్రింద పెట్టి కిటికీ వైపు తిరిగాను.

గిటారు పిల్లలను నేను తప్పు పట్టను. నగరపు ఇరుకు గదిలో ఒంటరిగా ఉన్నవాడు భయాన్ని పేరు పెట్టి పిలవడానికైనా ధైర్యం కావాలి. ఆ పైన, తన గదిలో మ్రోగని ఫోనునూ కడగని కంచాన్నీ కూడా పాటలోకి తెస్తే, అది గౌరారం దాకా వినిపిస్తుంది.