బొగ్గు ఉంది, ప్లాంట్లు ఉన్నాయి, కరెంటు లేదు

కరెంటు పోతే మనం ముందు తిట్టేది లైన్‌మన్‌నే. ఈసారి దక్షిణాఫ్రికా సంగతి చెప్తాను, తిట్టాల్సింది ఎవర్నో మీరే చూడండి.

అక్కడ దాదాపు దేశం మొత్తానికీ కరెంటు ఇచ్చేది ఎస్కామ్ (మన డిస్కమ్ కాదండోయ్). 1923లో పెట్టిన ప్రభుత్వ సంస్థ. బొగ్గుకి కొదవ లేదు, గనుల పక్కనే ప్లాంట్లున్నాయి. అయినా 2023లో 300 రోజులకు పైగా కోతలే. ముదిరిన రోజుల్లో ఆరు, ఎనిమిది గంటలు. పాలు పితికే మిషన్లు, నీళ్లు పెట్టే మోటార్లు అన్నీ ఆగిపోయేవి.

2007 నాటికి కరెంటు చాలదని 1998లోనే ప్రభుత్వ పత్రంలో రాశారు. ప్రైవేటు వాళ్లు కడతారులే అని కూర్చున్నారు, ఎవరూ రాలేదు. చెప్పినట్టే 2007 చివర్లో కోతలు మొదలయ్యాయి. 2008 జనవరిలో బంగారు గనులే ఆపేశారు. అప్పుడు మెడుపి, కుసిలే అని రెండు పెద్ద ప్లాంట్లు హడావుడిగా మొదలుపెడితే ఏళ్లూ పూళ్లూ పట్టింది.

ఈలోపు భారమంతా పాత ప్లాంట్ల మీద పడింది. దుక్కుల సీజన్లో ఆయిల్ మార్చడానికి ట్రాక్టర్ ఒక పూట ఆపమంటే మనకే మనసొప్పదు కదా. ఇంజిన్ పట్టేస్తే పదిహేను రోజులు షెడ్డులోనే. అక్కడ జరిగింది ఇదే. కోత పెడితే చెడ్డపేరని సర్వీసింగ్ వాయిదా వేసుకుంటూ పోయారు. తర్వాత మిషన్లు వాటంతటవే ఆగడం మొదలుపెట్టాయి.

తినేవాళ్లు సరేసరి. మన సహారన్‌పూర్ నుంచి వెళ్లిన గుప్తా సోదరుల కంపెనీ బొగ్గు గని కొనుక్కోవడానికి ఎస్కామ్ పెద్దలే సాయపడ్డారని జోండో కమిషన్ తేల్చింది.

నాకు బాగా బాధనిపించింది మెడుపి సంగతి. 2021లో ప్లాంటు మొత్తం పూర్తయిందన్నారు. వారం రోజులకే నాలుగో యూనిట్ పేలింది. జనరేటర్‌ని చల్లబరిచేది హైడ్రోజన్. దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో పూర్తిగా బయటికి తోలాకే లోపలికి గాలి పంపాలి. ఆ వరస తప్పారు. అది మళ్లీ నడిచేసరికి 2025 వచ్చింది.

2024 మార్చి చివరి నుంచి మాత్రం 300 రోజులకు పైగా కోత లేదు. ఇళ్ల మీద సోలార్ పెరిగింది, నిజమే. అసలు పని అదొక్కటే కాదు, యూనిట్లను ప్లాను ప్రకారం ఆపి బాగుచేశారు.

మీ సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఆఖరిసారి ఎప్పుడు టెస్ట్ చేశారో ఏఈ గారిని ఒకసారి అడగండి.